కొమ్ముకి నల్లతాడు

ఎద్దుకి ఎక్కడ నొప్పో ఎద్దు చెప్పదు. దాని తోలు చెప్పుద్ది. తొడ మీద బొటనవేలు పెట్టి మూడు చోట్ల అదిమితే, లోపల కండ నొచ్చి ఉన్నచోట పైన తోలు జలదరిస్తది, ఈగ వాలినట్టు. నొప్పి లేకపోతే ఏమీ ఉండదు. ఎద్దు నెమరేసుకుంటానే ఉంటది.

జాన్ సాహెబ్‌కి తెలిసిన విద్య ఇదొక్కటే. ఆయన నాయనకీ ఇదే తెలుసు. గురజాల పక్క ఊళ్ళో కోటేశ్వరరావు కొట్టంలో ముప్పై ఏళ్ళుగా పందెం ఎడ్లని చూసేది ఆయనే. బండ లాగి వచ్చిన ఎడ్లకి వేడినీళ్ళ కాపడం పెట్టి, నువ్వులనూనె రాసి, తొడలూ మూపులూ పిసికేవాడు. మాట తక్కువ. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఎడ్లతోనే అని ఆయన భార్య అబిదా ఊరంతా చెప్పుద్ది.

ఆ కొట్టంలో ఒక పద్ధతి ఉంది. బండ లాగిన రోజు సాయంత్రం జాన్ సాహెబ్ రెండు ఎడ్ల కొమ్ములకీ నల్లతాడు కడతాడు. తాడు ఉన్నన్ని రోజులు మెడ మీదకి కాడి ఎక్కదు. విప్పేది ఆయనే. నాలుగు రోజులకి విప్పొచ్చు, వారానికి విప్పొచ్చు. తోలు ఎప్పుడు ఊరుకుంటే అప్పుడు. తాడు ఉంచాల్సి వస్తే "ఉండనీ" అంటాడు. విప్పాల్సి వస్తే ఏమీ అనడు, విప్పుతాడంతే. కోటేశ్వరరావు మొండిమనిషి. ఊళ్ళో తగువు తీర్చేటప్పుడు ఎస్సై మాటైనా వినడు. అయినా ఆ తాడు మీద మాత్రం ఏనాడూ చెయ్యి వేయలేదు.

ఇప్పుడున్న జత ఆరుపళ్ళ గిత్తలు. దాపట, అంటే ఎడమపక్క కట్టేది బుడ్డోడు. కాస్త పొట్టి. వలపట కట్టేది మూగోడు. ఆకలైనా, దెబ్బ తగిలినా నోరెత్తి అరవదు, అందుకని ఆ పేరు. "నీ తమ్ముడేనయ్యా అది" అని అబిదా నవ్వుద్ది.

మాఘమాసంలో ఒకరోజు కోటేశ్వరరావు కొడుకు తేజ నరసరావుపేట నుంచి నీలంరంగు డబ్బా ఒకటి తెచ్చి కొట్టంలో గాటి మీద పెట్టాడు. తేజకి ముప్పై దాటినయ్. పేటలో పురుగుమందుల షాపు నడుపుతా, పొద్దున్నే జిమ్ముకి పోతాడు.

"ఏందిరా అది?" అన్నాడు కోటేశ్వరరావు.

"యాంటీ ఆక్సిడెంట్, నాన్నా. విటమిన్లు ఉంటయ్. ఒళ్ళు విరిగేట్టు కష్టపడితే కండలో ఒకరకం తుప్పు పుడతదంట. దాన్ని ఇది తీసేస్తది. మనుషులకొకటి, పశువులకొకటి. నేను మనుషులది వేసుకుంటన్నా గదా."

"వేసుకుంటే?"

"మొదట్లో కాళ్ళ కసరత్తు చేసిన మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు రెండో రోజుకే మామూలు. ఎడ్లకీ అంతే. నువ్వు నాలుగు రోజులు, వారం రోజులు కట్టేస్తన్నావ్. ఇది పెడితే రెండు రోజులు చాలు. సీజన్‌లో దీనికి రెట్టింపు పందేలకి పోవచ్చు. ఏమంటావ్ జాన్ మామా?"

జాన్ సాహెబ్ మనసులో అనుకున్నది వేరే. కొత్తగా కాడి మోసిన కోడె కూడా మొదటి నెల కుంటుద్ది. తర్వాత కుంటదు. దానికి ఎవరూ ఏ పొడీ పెట్టరు. తేజ కాళ్ళకీ అంతే అయి ఉంటది అనుకున్నాడు. అనుకున్నది లోపలే ఉండిపోయింది.

"మామ మాట్లాడడు. ఉలవల్లో కలిపి పెట్టెయ్, పొద్దునొక గరిటె, సాయంత్రమొక గరిటె," అన్నాడు తేజ.

జాన్ సాహెబ్ డబ్బా తీసుకున్నాడు. తీసుకుని బుడ్డోడికి ఒక్కదానికే పెట్టాడు.

దొంగతనం కాదు, మొండితనమూ కాదు. ఆయన నాయన నేర్పిన పద్ధతి అది. కొత్త మేతైనా, కొత్త నూనైనా, కొత్త మందైనా ముందు జతలో ఒకదానికే. రెండూ ఒకే బండ లాగుతయ్, ఒకే ఎండలో నిలబడతయ్, ఒకే తొట్లో నీళ్ళు తాగుతయ్. పెట్టనిది పక్కనే ఉంటేనే పెట్టినదాని సంగతి తెలుస్తది. "రెంటికీ పెడితే నీకేం తెలుసుద్దిరా, నా మొకం?" అనేవాడు ఆయన నాయన. మూగోడి వంతు పొడి ఒక కవరులో పోసి కొట్టం చూరులో దోపేవాడు జాన్ సాహెబ్. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నెలన్నర గడిచింది. ఆ నెలన్నరలో మూడు పందేలు. పందెం అయిన ప్రతిసారీ రోజూ పొద్దున రెంటినీ అదిమి చూశాడు. బుడ్డోడి తోలు ఎన్నాళ్ళు జలదరించిందో, మూగోడి తోలూ అన్నాళ్ళే జలదరించింది. ఒకసారి బుడ్డోడిది ఒకరోజు ముందు ఊరుకుంది. ఇంకోసారి మూగోడిదే ముందు ఊరుకుంది. మూడోసారి రెండూ ఒకే పూట.

గాలికుంటుకి టీకాలు వేయడానికి మండలం నుంచి పశువుల డాక్టరు వచ్చింది. ధరణి అని, చిన్న వయసే, బండి మీద ఒక్కతే తిరుగుద్ది. జాన్ సాహెబ్ డబ్బా చూపించాడు.

"విటమిన్ ఈ, సెలీనియం," అని చదివింది ఆమె. "మంచివే తాతా. మేతలో అవి తక్కువైన పశువుకి పనిచేస్తయ్. మీ ఎడ్లు తినే తిండికి తక్కువేం ఉండదు."

"నొప్పి తగ్గుద్దా, డాక్టరమ్మా?"

"మనుషుల మీద చానా చూశారు తాతా. మింగినోళ్ళకీ మింగనోళ్ళకీ పట్టించుకునేంత తేడా లేదనే రాశారు. ఎద్దుల సంగతి నేను గట్టిగా చెప్పలేను. కండ మానేది విశ్రాంతితోనే. అది మాత్రం చెప్తా."

ఈ మాట కోటేశ్వరరావుతో చెప్దామనుకున్నాడు. ఆయన ఆ రోజు మాచర్ల పోయాడు. మర్నాడు ఏదో పంచాయితీ. ఆ తర్వాత చెప్పే అదును పోయింది. అదును పోయిన మాట జాన్ సాహెబ్ నోట్లో నిలవదు, కడుపులోకి దిగిపోద్ది.

చైత్రంలో ఒక ఆదివారం, మాచర్ల దగ్గర తిరునాళ్ళలో జత రెండో స్థానంలో నిలిచింది. ఎండ నిప్పులు చెరిగింది. ఇంటికొచ్చాక కాపడం పెట్టి తాడు కట్టాడు. మంగళవారం సాయంత్రం తండ్రీ కొడుకులిద్దరూ కొట్టంలోకి వచ్చారు.

"పెదకూరపాడు వైపు రేపు పెద్ద పందెం ఉంది, జానూ," అన్నాడు కోటేశ్వరరావు. "మూడు జిల్లాల జతలు వస్తన్నయ్. మనం పోవాల."

"రెండు రోజులైంది గదా మామా," అన్నాడు తేజ. "పొడి తింటన్నయ్. చూడు ఒకసారి."

జాన్ సాహెబ్ బుడ్డోడి దగ్గర కూర్చున్నాడు. అదిమాడు. మూడు చోట్లా తోలు జలదరించింది. లేచి మూగోడి దగ్గరకొచ్చాడు. అదిమాడు. మూడు చోట్లా జలదరించింది. అది చాలక మూగోడు కాలు తీసి పక్కన పెట్టింది.

అక్కడ ఆయన చెయ్యి ఆగింది.

బుడ్డోడు కాలు తీయలేదు, మూగోడు తీసింది. ఒకవేళ ఆ పొడిలో నిజంగానే ఏదో ఉందేమో. ఉంటే మూగోడి నొప్పి తన చేతి పాపమే. నెలన్నర నుంచి దాని నోటి దగ్గర మందు తీసి చూరులో దాచాడు. "ఉండనీ" అంటే తేజ ఊరుకోడు. పొడి తిన్నాక నొప్పేంది అంటాడు. అప్పుడు చూరులో కవరు దించి చూపించాల. ముప్పై ఏళ్ళలో ఆయన ఈ కొట్టంలో దాచింది అదొక్కటే.

"ఏం?" అన్నాడు కోటేశ్వరరావు.

జాన్ సాహెబ్ మూగోడి తొడ మీద చెయ్యి తీయలేదు. నోరు తెరవలేదు. తాడూ విప్పలేదు.

"ఏందయ్యా, ఉండనీ అన్లేదుగా. అన్లేదంటే సరే అన్నట్టేగా," అన్నాడు కోటేశ్వరరావు. ముందుకొచ్చి, కొమ్ముల మీద చేతులు పెట్టి, తాళ్ళు తనే విప్పాడు. ముడి గట్టిగా ఉంది. గోళ్ళతో లాగాడు. విప్పి జాన్ సాహెబ్ భుజం మీద వేశాడు.

అప్పుడైనా అనొచ్చు. ఒక్కమాట. మూడక్షరాలు. ఆయన భుజం మీద తాళ్ళు వేసుకుని ఇంటికి పోయాడు.

"ఏందయ్యా, అన్నం అట్నే ఉంది," అంది అబిదా.

"తిన్నా."

"తిన్నది యాడుంది, పళ్ళెంలోనే ఉంది గదా."

పెదకూరపాడు వైపు ఆ ఊళ్ళో పందేనికి పదిహేను నిమిషాలు గడువు. బరి మూడొందల అడుగులు. ఈ కొస నుంచి ఆ కొసకి లాగి, తిప్పుకుని మళ్ళీ రావాల. మైకులో ఒకతను ఎడ్ల పేర్లూ యజమానుల పేర్లూ అరుస్తన్నాడు. జనం లోపలికి రాకుండా మోకు కట్టిన గట్టు పక్కన జాన్ సాహెబ్ నిలబడ్డాడు. కొత్తగా ఎర్రమట్టి తోలి నీళ్ళు చల్లారు. మట్టి వాసన వస్తంది.

మొదటి రెండు పోతలు బాగా పోయినయ్. జనం ఈలలు వేశారు. మూడో పోతలో బుడ్డోడు వెనకకాలు ఈడుస్తంది. అది ఆయనకొక్కడికే కనిపించింది. తోలేవాళ్ళు చెర్నాకోల ఝళిపించారు. నాలుగో పోతలో మలుపు తిప్పే దగ్గర బుడ్డోడి కాలు పక్కకి జారింది. తడిగోనె చించినట్టు ఒక చప్పుడు. బుడ్డోడు వెనక నుంచి కూలబడింది. కాడి ఒరిగింది. మూగోడు నిలబడే ఉంది, మెడ వంకర పోయినా నిలబడే ఉంది. ఆ రోజే మొదటిసారి అది అరిచింది. ఒక్కసారి.

మైకులో, జత పందెం నుంచి తప్పుకుందని చెప్పి, తర్వాత జత పేరు పిలిచారు. ఇద్దరొచ్చి టేపు పెట్టి అప్పటిదాకా లాగిన దూరం కొలుచుకున్నారు. కొలవాల్సిందే మరి, అది వాళ్ళ పని.

జాన్ సాహెబ్ బరిలోకి పోయి బుడ్డోడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొడ మీద బొటనవేలు పెట్టి అదిమాడు. తోలు కదల్లేదు. ఇంకో చోట అదిమాడు. కదల్లేదు. మూడో చోట. చచ్చిన తోలు మీద అదిమినట్టే ఉంది.

లారీలో పడుకోబెట్టి తెచ్చారు. ధరణి వచ్చి చూసింది. కండ చీలిందంది. నరం కూడా దెబ్బతిన్నదంది. సూదులు వేసింది.

"నెల రోజులు చూద్దాం. కాలికి స్పర్శ వస్తే లేచి నడుస్తది. బండ లాగడం మాత్రం ఇంక లేదు. స్పర్శ రాకపోతే..." అని కోటేశ్వరరావు మొహం చూసి ఆపేసింది. స్పర్శ రాకపోతే ఏం చేస్తారో అక్కడున్న అందరికీ తెలుసు. లేవలేని ఎద్దుని కొనే బేరగాడు ఒక్కడే ఉంటాడు, వాడి లారీ ఒకచోటికే పోద్ది.

డాక్టరమ్మ పోయాక తేజ తలపట్టుకుని కూర్చున్నాడు. కోటేశ్వరరావు కొడుకు భుజం తట్టాడు.

"ఊరుకోరా. ఆ పొడి పెట్టబట్టి ఒకటన్నా నిలబడింది. లేకపోతే రెండూ పోయేయి. చూడు మూగోణ్ణి, చెక్కు చెదరలా. ఇంకో డబ్బా తీసుకురా దానికి."

జాన్ సాహెబ్ నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి ఆ మాట విన్నాడు. విన్న మాట ఎక్కడా తగల్లేదు. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తొట్లో నీళ్ళు నిండి కింద పోతన్నయ్, ఆయన పంపు కట్టేశాడు. చూరు దగ్గరికి పోయి కవరు దించాడు. తెచ్చి కోటేశ్వరరావు కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇది మూగోడి వంతు, బావా," అన్నాడు.

ఇద్దరూ కవరు కేసి చూశారు.

"తిన్నది పడింది. తిననిది నిలబడింది."

"ఏందీ?" అన్నాడు తేజ.

"అట్టాగని అది తిని పడిందని కాదు. ఇది తినక నిలబడిందనీ కాదు. రెంటికీ నొప్పి ఉంది. తిన్నదానికీ ఉంది, తిననిదానికీ ఉంది. జారింది బుడ్డోడి కాలు. మూగోడిదైనా జారొచ్చు. మంగళవారం నాకు తెలుసు. నేను అన్లేదు."

అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. వచ్చినాక ఆయనకే అవి ఎవరివో మాటల్లాగా ఉన్నయ్.

తేజ లేచాడు. "అంటే నాకు తెలీకుండా నువ్వు... మామా, నీకు బుద్ధుందా?"

"నువ్వుండరా," అన్నాడు కోటేశ్వరరావు. తర్వాత జాన్ సాహెబ్‌తో నెమ్మదిగా అన్నాడు.

"తాడు విప్పింది నా చెయ్యి. ఊరుకుంది నీ నోరు. ఇంకేం చెప్పుకుంటాం, జానూ."

అని లోపలికి పోయాడు. రేపటి నుంచి రావొద్దని అనలేదు. రమ్మనీ అనలేదు.

జాన్ సాహెబ్ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. బుడ్డోడి కింద గడ్డి మార్చేవాడు. పుండ్లు పడకుండా పూటకొకసారి నలుగురిని పిలిచి పక్క తిప్పించేవాడు. కాపడం పెట్టేవాడు. అదిమేవాడు. తోలు కదిలేది కాదు. కోటేశ్వరరావు వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. కొట్టం కేసి చూసేవాడు కాదు. తేజ పేట నుంచి రావడం మానేశాడు. బుడ్డోడి కొమ్ములకి తాడు కట్టలేదు జాన్ సాహెబ్. కట్టాల్సిన పని లేదు. లేవని ఎద్దు మెడ మీద ఎవరు కాడి వేస్తారు. మూగోడికి కూడా కట్టలేదు. అది ఒక్కటే గాటి దగ్గర నిలబడి, పక్కన ఖాళీ కేసి తల తిప్పి చూసేది.

ఒకరోజు అబిదా ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది.

"ఏందిది? అరచెయ్యంతా బొబ్బలేందయ్యా?"

"కాపడం నీళ్ళు."

"కాలితే తెలీదా?"

"తెలవలా."

ఆమె వెన్న రాసి గుడ్డ కట్టింది. కట్టేటప్పుడు కూడా నొప్పి తెలవలేదు ఆయనకి. ఆమె ఏడుస్తందేమో అనుకుని చూశాడు. ఏడవడం లేదు. "అల్లా చూస్తన్నాడులే" అంది. చూస్తే చూశాడు అనుకున్నాడు.

ఇరవై రోజులు దాటినాక ఒక మధ్యాహ్నం బేరగాడు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి కోటేశ్వరరావుతో మాట్లాడి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో జాన్ సాహెబ్ వినలేదు. బుడ్డోడికి నీళ్ళు తాపుతన్నాడు. అది తాగినంతసేపు తాగి, మూతి ఆయన మోకాలికి తుడుచుకుంది.

ఇరవై ఆరో రోజు పొద్దున. ఎప్పటిలాగే గడ్డి మార్చాడు. కాపడం పెట్టాడు. చేతికి గుడ్డ ఉంది కాబట్టి ఎడమచేతి బొటనవేలితో అదిమాడు. పైన, ఏమీ లేదు. నడుమ, ఏమీ లేదు. కింద, మోకాలికి జానెడు పైన అదిమాడు.

తోలు జలదరించింది.

ఈగేమో అనుకున్నాడు. చేత్తో ఊపి, ఆగి, మళ్ళీ అదిమాడు. జలదరించింది. బుడ్డోడు తల తిప్పి చూసింది, ఏందిరా నీ పని అన్నట్టు. ఇంకా గట్టిగా అదిమాడు. ఈసారి కాలు లోపలికి గుంజుకోబోయింది. గుంజుకోలేకపోయింది, కానీ గుంజుకోబోయింది.

ఆయన లేచి కొట్టం గుమ్మం దాకా వచ్చాడు. వసారాలో కోటేశ్వరరావు మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఇరవై ఆరు రోజులుగా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ముందు ఎవరు మాట్లాడతారా అని ఊళ్ళో వాళ్ళు కూడా చూస్తన్నారు.

"బావా," అన్నాడు జాన్ సాహెబ్.

పేపరు దిగింది.

"నొప్పొచ్చింది."

కోటేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. చెప్పులు వేసుకోకుండానే వాకిలి దాటి వచ్చాడు. బుడ్డోడి పక్కన గడ్డిలో కూలబడ్డాడు. తన బొటనవేలు పెట్టాడు. అక్కడ కాదని జాన్ సాహెబ్ ఆయన చెయ్యి పట్టుకుని జానెడు కిందకి జరిపాడు. అదిమాడు కోటేశ్వరరావు. తోలు జలదరించింది.

ఇంకోసారి అదిమాడు. ఇంకోసారి.

"చాలు," అన్నాడు జాన్ సాహెబ్. "దానికి నొస్తది."

కోటేశ్వరరావు చెయ్యి తీశాడు.

"మధ్యాహ్నం వస్తానన్నాడు వాడు, లారీ తీసుకుని," అన్నాడు. "ఫోన్ చేసి రావొద్దని చెప్తా."

జాన్ సాహెబ్ తలూపాడు.

"తాళ్ళు యాడున్నయ్?"

భుజం మీద వేసుకుపోయిన తాళ్ళు ఇంట్లో మేకుకి ఉన్నయ్. తెస్తానని లేవబోయాడు. కోటేశ్వరరావు ఆగమని, తన మొలతాడుకి వేలాడే తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మొలతాడు తెంపాడు. నల్లదే. చానా పాతది. బుడ్డోడి కొమ్ముకి చుట్టి ముడి వేయబోయాడు. వేయడం రాలేదు. రెండుసార్లు జారింది.

"నువ్వు కట్టు," అన్నాడు.

జాన్ సాహెబ్ కట్టాడు. ముడి బిగించేటప్పుడు అరచేతిలో బొబ్బ పగిలింది. కొంచెం మంట తెలిసింది. కొంచెమే.

"ఎన్నాళ్ళు?" అన్నాడు కోటేశ్వరరావు.

"ఉండనీ," అన్నాడు జాన్ సాహెబ్.